మరైగూడ పెట్టె

దుర్గాభవాని బండి దిగకముందే అప్పయ్య ఇంట్లోకి పోయాడు. ఆ పిల్ల వచ్చిందంటే పెట్టె సంగతే. పెట్టె సంగతి వినే ఓపిక ఆయనకు లేదు. కానీ ఒంటిగది ఇంట్లో ఎంతసేపని దాక్కుంటాడు? చెంబుతో నీళ్ళు ముంచుకొని మళ్ళీ వసారాలోకే వచ్చాడు.

"ఎండన పడి వచ్చినవ్. తాగు."

ఆమె తాగుతూనే వసారా దూలానికి బిగించిన పెట్టె వైపు చూసింది. టిఫిన్ క్యారియర్ అంత పెట్టె. దాని నుంచి ఒక తీగ వెదురుగడ మీది యాంటెన్నాకు, ఇంకొకటి కప్పు మీది సోలార్ ప్లేటుకు పోతుంది. ఊరంతా దుమ్ము కొట్టుకుపోయినా ఆ ప్లేటు ఒక్కటే తళతళలాడుతోంది.

"రోజూ తుడుస్తున్నట్టున్నవ్ బాబాయ్."

"గొడ్డును కడగమా? అట్లనే ఇదీ. ఏం పని మీద వచ్చినవో చెప్పు."

"ఈ వారం బజార్ రోజుతో పాత కట్టుబాటు ఆఖరు. పనిచేస్తున్న పెట్టెలన్నీ కొత్తదానికి మారినయి. మీదొక్కటే మిగిలింది."

"మారకపోతే ఏమైతది?"

"మీ పెట్టె మాట ఇంకో పెట్టె వినదు. ఇప్పటిదాకా విన్నవి కూడా తుడిచేస్తయి. పిన్ని మాటలు మీ పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఉండవు. తాళం కావాలె బాబాయ్."

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు? తాళం ఆమెతోనే పోయింది."

ఈ పెట్టెలు రాకముందు ఒక కంపెనీవాళ్ళ ఫోన్ నంబరు ఉండేది. దానికి ఫోన్ చేసి దోర్లీలోనో గోండీలోనో తెలుగులోనో మాట చెబితే పది ఊళ్ళవాళ్ళు వినేవాళ్ళు. ఒకనాడు కంపెనీవాళ్ళు నంబరు మూసేశారు. ఊళ్ళు చెప్పుకున్న మాటలన్నీ దాంతోపాటే పోయాయి. అడగడానికి గుమ్మం కూడా లేదు. అప్పుడు భద్రాచలంలో చదువుకున్న దుర్గాభవాని, ఆమె జతగాళ్ళు కలిసి ఈ పద్ధతి ఎత్తుకున్నారు. ఊరికొక పెట్టె. ఆ ఊరి మాటలు ఆ ఊరి పెట్టెలో ఉంటాయి. ఒక పెట్టె పక్క ఊరి పెట్టెకు, అది ఆ పక్క ఊరి పెట్టెకు రేడియో మీద అందించుకుంటూ పోతుంది. పెట్టె ఏ దుకాణంలో కొన్నదైనా, ఎవరు బిగించినా, మాట అందించుకునే కట్టుబాటు మాత్రం అందరికీ ఒకటే. దానికి యజమాని లేడు. ఒప్పుకున్న ఊరు ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా వచ్చి చేరవచ్చు. ఎవరో ఒకరు మూసేస్తే మూతపడదు.

యజమాని లేని ఇంటికి కప్పు ఎవరు నేస్తారన్నది అప్పుడు ఒక్కరికీ తోచలేదు. జతగాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదులో ఉద్యోగాలు చూసుకున్నారు. ఊళ్ళలో పడుచువాళ్ళు కంపెనీ ఫోన్లలో వీడియోలు చూసుకుంటూ పెట్టెను మరిచిపోయారు. చివరికి దుర్గాభవాని ఒక్కతే మిగిలింది. కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికినప్పుడు బండి మీద తిరిగి పెట్టెలకు మందూమాకూ చేస్తుంది. ఊళ్ళవాళ్ళు ఆమెకు నీళ్ళిస్తారు. అంతకు మించి ఇచ్చింది లేదు.

మరైగూడ పెట్టెకు కాపరి సారలమ్మ, అప్పయ్య భార్య. రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చొని మీట నొక్కేది. ఆకాశం ఎట్లా ఉంది, వాగు ఎంతవరకు వచ్చింది, ఎవరింట్లో జ్వరం, సంతలో చింతపండు ఎట్లా పోయింది, ఎవరి మేక తప్పిపోయింది. ముందు తెలుగులో, తర్వాత దోర్లీలో. ఆఖరున ఎప్పుడూ ఒకే మాట: "విన్నోళ్ళు పలకండి." వాగు అవతలి తాళ్ళగుంపు నుంచి ముయా ముందుగా పలికేవాడు. కిష్టారం నుంచి ఆయతు పలికేవాడు. ఆపైన మిగతా ఊళ్ళు. అప్పయ్య ఆ వేళకు పొలం పోయేవాడు. ఊళ్ళతో ఆమె చెప్పినన్ని మాటలు ఇంట్లో ఆయనతో చెప్పలేదు. చెప్పబోతే ఆయన వినలేదు.

నిరుడు వానల్లో ఆమె పోయింది. ఆమె తర్వాత ఎవరూ పెట్టె ముందు కూర్చోలేదు. ఊళ్ళ ఆడవాళ్ళు అడిగితే, వెనకటి ఏడు అదే రోజున ఆమె చెప్పిన మాటలు మళ్ళీ వినబడేటట్టు దుర్గాభవాని అన్ని ఊళ్ళ పెట్టెల్నీ సర్దింది. అందుకని ఇప్పటికీ తెల్లారగానే ఇన్ని ఊళ్ళలో సారలమ్మ మాట్లాడుతుంది. మరైగూడ ఆడవాళ్ళు అప్పయ్య వసారాలో చేరి వింటారు. ఆయన గోడకు అటువైపు కూర్చుంటాడు. వింటున్నావా అని ఎవరన్నా అడిగితే, చీపురుపుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నానంటాడు.

"నీ దగ్గర ఇంకో తాళం ఉండదా? కట్టింది నువ్వే కదా," అన్నాడు అప్పయ్య.

"ఉండొద్దనే అట్ల కట్టినం. నా దగ్గర ఉంటే, నా మెడ పట్టుకున్నోడి దగ్గర కూడా ఉన్నట్టే. ఈడ మెడ పట్టుకునేటోళ్ళకు కొదవా?"

ఇటు పోలీసులు, అటు అన్నలు తిరిగే ఆ అడవిలో పుట్టినవాడికి ఆ సంగతి విడమర్చనక్కర్లేదు.

తాళం అంటే ఇనప తాళం కాదు. పెట్టె కాపరి ఆమేనని రుజువు చేసే రహస్య గుర్తు, సారలమ్మ ఫోన్లో ఉంది అది. ఆ ఊరి పద్ధతి ఏమిటంటే, మనిషిని మట్టి చేసినచోట రాళ్ళు పేర్చి, పోయినవాళ్ళు వాడిన వస్తువులన్నీ ఆ రాళ్ళ మీద పెట్టి వెనక్కి చూడకుండా రావాలి. పెట్టినదాన్ని తిరిగి ముట్టకూడదు. ముట్టిన ఇంట్లో ఎవరూ నీళ్ళు తాగరు. ఆ రోజు సారలమ్మ చీర, దువ్వెన, కొడవలి, చెంబు పెట్టారు. ఫోన్ మాత్రం ఉంచు బాబాయ్, పెట్టె తాళం అందులో ఉంది అని దుర్గాభవాని బతిమాలింది. ఆమెవి ఆమెతోనే పోతయి అన్నాడు అప్పయ్య. తన చేత్తోనే ఫోన్‌ను చెంబులో వేశాడు. పెట్టెను కూడా పీకి అక్కడే పడేసేవాడు. ఆడవాళ్ళు అడ్డం పడ్డారు.

"అసలు పాత కట్టుబాటును ఎందుకు మార్చినరు?" అన్నాడు అప్పయ్య.

"పాతదానికి కన్నం పడింది. ఎవడో ఒక ఊరి పటేల్ గొంతు దొంగిలించి, రేషన్ ఆపేసినరని మాట పంపినడు. జనం కొట్టుకునేదాకా పోయింది. ఇప్పుడు ఏ పెట్టెకాపెట్టె, తాళంతో కొత్తగా ముద్ర వేసుకోవాలె. తాళం పోయినోళ్ళకు కూడా ఒక దారి ఉంది."

దారి ఇది. పెట్టె పెట్టిననాడే కాపరి చుట్టుపక్కల ముగ్గురు కాపరుల పేర్లు అందులో చెప్పి ఉంచుతుంది. ఆమెకు ఏమన్నా అయితే, ఆ ముగ్గురిలో ఇద్దరు వచ్చి పెట్టె ముందు సాక్ష్యం పలకాలి. అయితే వాళ్ళంతట వాళ్ళు పలికితే చెల్లదు. అట్లా అయితే ఏ ఇద్దరైనా కూడబలుక్కొని మూడో ఊరి పెట్టెను కాజేస్తారు. కొత్త కాపరి తన గొంతుతో, ఆ ఇద్దరి పేర్లూ చెప్పి అడగాలి.

"పిన్ని చెప్పిన పేర్లు మాడ, ఆయతు, ముయా," అంది దుర్గాభవాని. "మాడ మిరప కోతకు ఖమ్మం వైపు పోయి ఆడనే ఉండిపోయిండు. వాళ్ళ పెట్టెలో చీమలు చేరినయి. ఇక ఉన్నది ఆయతు, ముయా."

"ముయాను అడగను."

"బాబాయ్..."

"అడగను అన్న."

ఆమె సంచిలోంచి ఫోన్ తీసింది. "పోనీ, నీకోసమైనా కొన్ని పొద్దుల మాటలు నా ఫోన్లోకి ఎక్కించి ఇస్త. రేపు ఈ పెట్టె చెడినా నీకు ఉంటయి."

"నాకెందుకు? ఆమె నాతో మాట్లాడిందా ఏంది? ఊళ్ళతో మాట్లాడింది. ఊళ్ళకు వినబడాలె."

"వినబడాల్నంటే ముయాను అడగాలె."

"పొద్దు పోతున్నది. నీ దారి చూసుకో," అన్నాడు అప్పయ్య.

ముయా చేసింది చిన్న పని. నిరుడు వానల్లో సారలమ్మకు జ్వరం తలకెక్కింది. వాగు ఒడ్డులు ఒరుసుకొని పారుతోంది. అవతలి తాళ్ళగుంపులో పడవ ఉంది, ట్రాక్టర్ ఉంది, కొంట ఆస్పత్రికి రోడ్డు ఉంది. అప్పయ్య జన్మలో మొదటిసారి పెట్టె మీట నొక్కి, పడవ పంపండి, సారలమ్మకు బాగలేదు అని చెప్పాడు. పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. మాట చేరిందనుకున్నాడు. మాట పెట్టెలోకి ఎక్కిందని చెప్పే దీపం అది. అవతలి పెట్టెకు అందితే వెలిగేది నీలం దీపం. సారలమ్మకు ఆ తేడా తెలుసు. ఆమె ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. తాళ్ళగుంపులో ముయా ఆ పొద్దు పెట్టె బ్యాటరీ పీకి పెళ్ళివాళ్ళ మైకుకు తగిలించాడు. అప్పయ్య వాగు వైపు చూస్తూ కూర్చున్నాడు. వెలుగు ఉన్నంతసేపూ అట్లాగే కూర్చున్నాడు. దీపాలు పెట్టేవేళకు ఆమె పోయింది.

మట్టికి ముయా వచ్చాడు. అప్పయ్య వాడి చొక్కా పట్టుకున్నాడు. ముయా విడిపించుకోలేదు. "బ్యాటరీ తీసిన మాట నిజమే బావా. నువ్వేమన్నా పడత. కానీ ఎవరూ రాకపోతుంటే దినమంతా ఎందుకు కూసున్నవ్? మంచం మీద పెట్టి ఎగువదారిన మోసుకపోతే మధ్యాహ్నానికి రోడ్డెక్కుదురు. నలుగురు మగోళ్ళు ఊళ్ళో లేరా?"

అందరూ విన్నారు. ముయా అన్నది తప్పని చెప్పినవాడు ఒక్కడూ లేడు.

బ్యాటరీ సంగతి అప్పయ్య ఏనాటికైనా మరిచిపోయేవాడేమో. ఆ మాట మాత్రం మరవలేదు. ఆనాటి నుంచి ఆయన వాగు దాటలేదు.

దుర్గాభవాని వచ్చిపోయిన మర్నాడు కిష్టారం నుంచి ఆయతు వచ్చాడు. ముసలివాడు. సైకిల్‌కు ఇప్పసారా సీసా తగిలించుకొని వచ్చాడు. కూర్చోగానే గొంతు తడుపుకున్నాడు.

"ఇన్నేండ్లు పొద్దున్నే నీ పెండ్లాం గొంతు వింటిమి. ఇక నీ గొంతు వినాల్నంటే ముందు ఇది తాగాలె," అన్నాడు.

"నేను మాట్లాడ. ముద్ర పడితే చాలు. ఆమె మాటలే వస్తయి."

"మంచిదే. నా పేరు చెప్పు, ముయా పేరు చెప్పు. అయిపాయె."

"వాడి పేరు నా నోట రాదు."

"నోట్లో పుండు లేచిందా?"

"నవ్వుతున్నవా?"

"ఏడ్వమంటవా? ఏడుస్త. మా ఊళ్ళో ఆడోళ్ళు నన్ను తంతరు. సారలమ్మ మాట పోతే అప్పయ్యను కాదు, నిన్ను తంతం అన్నరు. ఇంత పంతంగాడితో ఆమె ఎట్ల వేగిందో."

"వేగలేదు. పోయింది."

ఆయతు సీసా మూత బిగించాడు. పోతూ పోతూ, బజార్ రోజున మళ్ళీ వస్తానని చెప్పాడు. అప్పయ్య రమ్మనలేదు, వద్దనలేదు.

ఆ తెల్లవారి పెట్టె మాట్లాడింది. "మరైగూడ నుంచి సారలమ్మను. ఉత్తరాన మబ్బు పట్టింది. తునికాకు కట్టలు బయట పెట్టినోళ్ళు లోపలేసుకోండి." నిరుటి మబ్బు. ఈ ఏడు ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా వసారాలో ఒక ముసలామె లేచి ఉత్తరం వైపు చూసింది. గోడకు అటుపక్క అప్పయ్య కూడా చూశాడు. చూసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. తువ్వాలు తలకు చుట్టుకొని వల్లకాటి దారి పట్టాడు.

రాళ్ళ మీద చీర వెలిసి పీలికలైంది. కొడవలి తుప్పు పట్టింది. చెంబు ఎటూ ఒరగకుండా తాను పెట్టినచోటే ఉంది. వానాకాలమంతా అందులో నీళ్ళు నిలిచి, ఎండకు ఇంకి, అడుగున నల్లటి బురద మిగిలింది. బురదలో చెయ్యి పెట్టి ఫోన్ తీశాడు. పంచెకు తుడిచాడు. వెనక్కి తిరిగేసరికి తునికాకు మోపులతో ఊరి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకామె మోపు ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకొని పక్కదారి పట్టింది. మిగతావాళ్ళు ఆమె వెనకే పోయారు.

మరుసటి పొద్దున పెట్టె మాట్లాడినప్పుడు వసారాలో ఒక్కరూ లేరు. ముయాను అడగడం కన్నా సమాధి మీద చెయ్యి పెట్టడం తేలికనుకున్న మనిషికి అంతకన్నా ఏం దక్కుతుంది?

బజార్ రోజున దుర్గాభవాని వచ్చింది. అప్పయ్య ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. అది ఉబ్బి పూరీలా ఉంది.

"ఎక్కడిది బాబాయ్ ఇది?"

"ఎక్కడిదైతే నీకేంది? చూడు."

ఆమె వెనక మూత ఊడదీసింది. లోపల పచ్చగా చిలుము పట్టింది. సూదితో అక్కడా ఇక్కడా గీకి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"నీళ్ళు తాగి కుళ్ళింది. ఇందులో ఏం లేదు."

"సరిగ్గ చూడు."

"సరిగ్గనే చూసిన." అప్పుడు ఆమెకు అది ఎక్కడిదో తట్టింది. ఫోన్ నేల మీద పెట్టి చేతులు చున్నీకి తుడుచుకుంది. ఎంత చదువుకున్నా చేతులు తుడుచుకుంది. అది అప్పయ్య చూశాడు.

కాసేపటికి ఆయతు వచ్చాడు. వసారా ఎక్కకుండా వాకిట్లో వేపచెట్టు కింద కూర్చొని, తన సీసా తానే తీసుకున్నాడు. అతని వెనక ముయా. ఎండిన వాగు దాటి నడిచి వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా ఇసుక. వాడు తిన్నగా వసారా ఎక్కాడు.

"బావా, నీళ్ళు."

ఆయతు ఇటు చూశాడు. దుర్గాభవాని ఇటు చూసింది. సమాధి సొమ్ము తెచ్చిన ఇల్లని దారిలోనే ముయాకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అప్పయ్య కదలలేదు. ముయానే కుండలో చెంబు ముంచుకొని గటగటా తాగాడు. మీసాలు తుడుచుకోలేదు.

"మా అమ్మకు కండ్లు పోయినయి, నీకు తెల్సు," అన్నాడు. "అక్క గొంతు వింటేనే తెల్లారిందని లేస్తది. రేపు పెట్టె పలకకపోతే ఇంకా చీకటే అనుకొని పండుకుంటది. దానికి నేనేం చెప్పాలె?"

అప్పయ్య పెట్టె వైపే చూస్తున్నాడు.

"పేరు చెప్పు బావా. తిట్టైనా చెప్పు. ఏం భవానీ, తిట్టి చెప్తే పనికిరాదా?"

"పనికొస్తది," అంది దుర్గాభవాని. "పేరు ఉండాలె, అడుగుతున్న అనాలె. అంతే."

"విన్నవుగా. పెట్టెకు తిట్లు పట్టవు. లంజకొడుకు ముయా అను. నేను పలుకుత."

చెట్టు కింద ఆయతు నవ్వాడు. దుర్గాభవాని కూడా నవ్వబోయి ఆగింది. అప్పయ్య లేచి పెట్టె దగ్గరికి పోయాడు. మీట మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. వేలు తీసేదాకా అది వెలుగుతూనే ఉంటుంది.

"నేను అప్పయ్యను. సారలమ్మ మొగుణ్ణి." పెట్టెకు ఇంకాస్త దగ్గరగా వంగాడు. "ఈ పెట్టెకు కాపరిగా... కిష్టారం ఆయతు సాక్ష్యం అడుగుతున్న. ఇంకా..."

ముయా రెండడుగులు ముందుకు వచ్చి నిలబడ్డాడు, పలకడానికి.

అప్పయ్య వాడి ముఖంలోకి చూశాడు. మీసాల మీద నీళ్ళ చుక్కలు. ఆ మీసాల కింది నోరే ఆనాడు అన్నది. సాక్షి అంటే ఉన్నమాట చెప్పేవాడు. వీణ్ణి సాక్షి అని తన నోటితో పిలిస్తే, ఆనాడు వల్లకాట్లో వీడు చెప్పిందీ ఉన్నమాటే అవుతుంది. దినమంతా ఎందుకు కూసున్నవ్. అది ఊళ్ళన్నీ వింటాయి. సారలమ్మ గొంతు ఉన్నన్నాళ్ళు, దాని కిందనే ఇదీ ఉంటుంది.

ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. చెట్టు కింద ఆయతు లేచి నిలబడ్డాడు.

"అను బావా," అన్నాడు ముయా మెల్లగా.

అప్పయ్య వేలు తీసేశాడు.

దీపం ఆరింది. ఒక్క పేరుతో మాట పెట్టెలోకి ఎక్కింది. ఒక్క పేరు చాలదు.

ముయా చెంబు తీసుకెళ్ళి కుండ మీద బోర్లించి, వసారా దిగాడు. ఆయతు పోతూ పోతూ ఉమ్మి, "ఆమెను రెండుసార్లు చంపినవ్ రా," అన్నాడు. అది అప్పయ్య తనను కాదన్నట్టే విన్నాడు.

దుర్గాభవాని సంచి సర్దుకుంది. సాయంత్రం దాకా ఉంటాననలేదు. బండి ఎక్కి, కిక్ కొట్టి, మళ్ళీ ఆపింది.

"ఎవ్వరూ మూయలేకుండ కట్టినం అనుకున్న బాబాయ్," అంది.

దుమ్ము లేచి ఆమెను కప్పేసింది.

పొద్దు వాలేవేళకు పెట్టె మీద నీలం దీపం ఆరిపోయింది. పచ్చదీపం ఒక్కటే మిగిలింది. అప్పయ్యకు ఇప్పుడు ఆ తేడా తెలుసు.

మర్నాడు తెల్లారింది. ఆయన నిచ్చెన వేసుకొని ప్లేటు తుడిచాడు. దిగి వచ్చి, ఈసారి గోడకు అటువైపు పోలేదు. పోవడానికి కారణం లేదు, వసారాలో ఎవరూ లేరు. పెట్టె ముందే కూర్చున్నాడు.

"మరైగూడ నుంచి సారలమ్మను," అంది పెట్టె. "రాత్రి జల్లు పడ్డది. వాగులో మడమ తడిసేటన్ని నీళ్ళు. మా ఇంట్లో ఆయనకు నడుం పట్టింది, నల్లేరు ఉన్నోళ్ళు ఎవరన్నా ఇటు వస్తే తెచ్చిపెట్టండి. విన్నోళ్ళు పలకండి."

నిరుడు ఎవరో నల్లేరు తెచ్చారు. వాకిట్లో పడేసి పోతే, ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో కూడా ఆయన అడగలేదు. నూరి కట్టు కట్టింది ఆమె.

పెట్టె ఎదురుచూసింది. తాళ్ళగుంపు పలికే చోట గరగర కూడా లేదు. కిష్టారం లేదు. ఏ ఊరూ లేదు.

అప్పయ్య నోరు తెరిచాడు. ఏం పలకాలో తోచలేదు. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ పలకలేదు. మళ్ళీ మూసుకున్నాడు.

కాసేపటికి పెట్టె తనంతట తానే ఆగిపోయింది. ఎండ వసారాలోకి వచ్చింది.